తెలివైన పిల్లలే లెక్కల్లో ఎందుకు తప్పుతారు? యూరి ట్రైస్‌మన్ పని, సీమ కాలేజీలకు దాని ఉపయోగం

ఇంటర్‌లో నాలుగు లెక్కల పేపర్లలోనూ 75కి డెబ్బై దాటించిన అమ్మాయి డిగ్రీలో రియల్ అనాలిసిస్ తప్పుతుంది. అనంతపురం, కర్నూలు, కడప డిగ్రీ కాలేజీల్లో లెక్కలు చెప్పేవాళ్లెవరికీ ఇది వింత కాదు. ఎందుకిలా అని స్టాఫ్ రూములో అడిగితే వచ్చే జవాబులూ అందరికీ తెలిసినవే. బేసిక్స్ లేవంటారు. పట్టుదల లేదంటారు. అమ్మానాన్నలు చదువుకోలేదు, ఇంట్లో ముందుకు తోసేవాళ్లు లేరంటారు. అన్నిటికీ మూలం పేదరికమే కదా అని ఇంకెవరో ముగిస్తారు.

యాభై ఏళ్ల కిందట అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌లో, ప్రొఫెసర్లు చెప్పిన జవాబులు కూడా అచ్చంగా ఈ నాలుగే. అక్కడ తప్పుతున్నది నల్లజాతి విద్యార్థులు, పేపరు మొదటి టర్మ్ కాల్‌క్యులస్. పాత రికార్డులు తీసి చూస్తే ఆ కోర్సు పూర్తి చేసిన నల్లజాతి పిల్లల్లో 60 శాతం మందికి అట్టడుగు గ్రేడ్లయిన డి గానీ ఎఫ్ గానీ వచ్చింది. ఆ నాలుగు జవాబులనూ ఊరికే ఒప్పుకోకుండా, ఒక్కొక్కదాన్నీ పరీక్షకు పెట్టినవాడు యూరి ట్రైస్‌మన్.

ట్రైస్‌మన్ లాస్ ఏంజిలస్‌లో డిగ్రీ చదివి బర్క్‌లీకి వచ్చాడు. అక్కడ ఆయనకు అండగా నిలిచినవాడు లియాన్ హెంకిన్. గణిత తర్కంలో సంపూర్ణతా సిద్ధాంతానికి 1949లో కొత్త నిరూపణ ఇచ్చి పేరు తెచ్చుకున్న హెంకిన్, అవకాశాలు అందని వర్గాల పిల్లలను లెక్కల్లోకి, సైన్సులోకి తేవాలని 1974లో బర్క్‌లీలో మొదలైన కార్యక్రమానికి పెద్ద దిక్కు. ట్రైస్‌మన్‌కు మొదట అప్పజెప్పిన పని చిన్నదే: కాల్‌క్యులస్ ట్యుటోరియల్ క్లాసులు తీసుకునే రీసెర్చి విద్యార్థులకు శిక్షణ ఇవ్వడం. మీ క్లాసులో బాగా చేసేదెవరు, వెనకబడుతున్నదెవరు అని వాళ్లను అడిగితే, మొదటి జాబితాలో చైనా సంతతి పిల్లలు, రెండో జాబితాలో నల్లజాతి పిల్లలు ఎక్కువగా తేలారు. ఇద్దరూ మైనారిటీలే, ఇద్దరూ జాతి వివక్ష ఎరిగినవాళ్లే. మరి తేడా ఎక్కడ?

ప్రశ్నావళులు పంచి సర్వే చేస్తే తేలే విషయం కాదిది. ఇటు 20 మందిని, అటు 20 మందిని తీసుకుని, వాళ్లు చదువుకునే చోటుకే వెళ్లి కూర్చున్నాడు. హాస్టల్ గదులు, ఇళ్లు, లైబ్రరీలు, ఎక్కడ చదివితే అక్కడ. కొన్నిచోట్ల వీడియో కెమెరా కూడా పెట్టాడు. ఏడాదిన్నర పాటు ఇలా గమనించాక నాలుగు జవాబులూ నిలబడలేదు.

పట్టుదల లేదన్నది మొదట పోయింది. బర్క్‌లీ దాకా వచ్చిన ఆ పిల్లలు తమ తమ హైస్కూళ్లలో ముందు వరసలో నిలిచినవాళ్లు. కుటుంబం పట్టించుకోదన్నదీ పోయింది. బిడ్డ పుట్టకముందే కాలేజీ చదివించాలని నిర్ణయించుకున్న తల్లిదండ్రులు వాళ్లలో ఎందరో. డబ్బు సంగతి చూస్తే, ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలూ తప్పుతున్నారు. మిగిలింది బేసిక్స్. ఇక్కడే అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపోవాల్సి వచ్చింది. ప్రవేశ పరీక్షలో లెక్కల్లో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న నల్లజాతి అబ్బాయిల్లో చాలామంది ముందుగా దెబ్బతిన్నారు. గట్టెక్కిన కొద్దిమంది మధ్యస్థంగా మార్కులు వచ్చినవాళ్లు. బేసిక్స్ లేకపోవడమే కారణమైతే ఇది తలకిందులుగా జరగాలి.

అసలు తేడా చదివే తీరులో దొరికింది. నల్లజాతి పిల్లలు వారానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు చదివేవారు. క్లాసులో గంటకు ఇంటి దగ్గర రెండు గంటలు చదవమని కాలేజీ చెప్పిన లెక్క అదే, చెప్పినది చెప్పినట్టు చేశారు. కానీ 20 మందిలో 18 మంది తోటివాళ్లతో కలిసి ఎప్పుడూ కూర్చోలేదు. గది తలుపేసుకుని చదవడం, అదయ్యాక స్నేహితుల దగ్గరకు పోవడం, ఈ రెండూ వాళ్లకు వేర్వేరు లోకాలు. ఒంటరిగా కష్టపడి పైకొచ్చినవాళ్లకు ఆ అలవాటే ఇన్నాళ్లూ కాపాడిన ఆయుధం మరి.

చైనా సంతతి పిల్లలు వారానికి పద్నాలుగు గంటలు చదివేవారు. ఎనిమిది, పది గంటలు ఎవరికి వారే, మిగతాది కలిసి. సాయంత్రం వంట చేసుకుని తిని, హోంవర్కు ముందేసుకునేవాళ్లు. నలుగురికి ఒక జవాబు, ఒకరికి ఇంకొకటి వస్తే, పొరపాటు తనదేనని ఆ ఒక్కరికి అప్పటికప్పుడే తెలిసిపోతుంది. అందరికీ తలా ఒక జవాబు వస్తే, లెక్కే గడ్డుదని తెలుస్తుంది. ఒకరి ఇంగ్లీషు ఒకరు దిద్దుకునేవారు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చి చేసేవారు. మార్కులు వచ్చేదాకా తమ స్థాయి తెలియని పరిస్థితి వాళ్లకు లేదు. ఒంటరిగా చదివేవాడికి మాత్రం లెక్క రాకపోతే అది లెక్క కష్టమా, తన తెలివి చాలదా అన్నది తేల్చుకునే దారి లేదు. రెండోదే నమ్ముతాడు, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మార్చేసుకుంటాడు.

ఇది కనిపెట్టాక 1978లో ట్రైస్‌మన్ వర్క్‌షాప్ పెట్టాడు. దాన్ని వెనకబడినవాళ్ల ట్యూషన్‌గా పెట్టలేదు, ఆనర్స్ కార్యక్రమంగా పెట్టాడు. ఆయన పని మొత్తంలో కీలకం ఇదే, అందరూ మర్చిపోయేదీ ఇదే. అంతకుముందు ఉన్న రెమెడియల్ ట్యూటరింగ్ దగ్గరికి ఆ పిల్లలు వచ్చేవారు కాదు. స్కూల్లో ఇంకొకరికి చెప్పినవాళ్లు, ఇప్పుడు చెప్పించుకోవడానికి వెళ్లడమంటే తల దించుకోవడమే. కాబట్టి పిలుపు మార్చాడు: మీరు గట్టివాళ్లు, ఇక్కడ మామూలు క్లాసులో ఇచ్చేవాటికంటే కష్టమైన లెక్కలుంటాయి, రండి. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు. పాఠం ఉండదు. లెక్కల కాగితం ఉంటుంది, చిన్న గుంపులుంటాయి, తిరుగుతూ ప్రశ్నలు వేసే మనిషి ఒకడుంటాడు. వర్క్‌షాప్‌లో చేరిన నల్లజాతి, లాటిన్ అమెరికా సంతతి పిల్లలు, చేరని తమవాళ్లనే కాక, క్లాసులోని తెల్లజాతి, ఆసియా విద్యార్థులను కూడా కాల్‌క్యులస్‌లో మించిపోయారు.

ఆ తర్వాతి జీవితం క్లుప్తంగా చెప్పొచ్చు. 1985లో బర్క్‌లీ నుంచి డాక్టరేటు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి 1991లో లెక్కల, సైన్సు చదువుల మీద పనిచేసే చార్ల్స్ ఎ. డానా సెంటర్ స్థాపన. 1992లో మెకార్థర్ ఫెలోషిప్. వర్క్‌షాప్ నమూనా దేశమంతటా పాకింది, అందులో సగం చోట్ల పేరు మాత్రమే పాకిందని చెప్పినా తప్పు లేదు. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు జాతి ప్రాతిపదికన ప్రవేశాల్లో ప్రాధాన్యాన్ని నిషేధించాక అక్కడి కార్యక్రమాలు రూపం మార్చుకోవాల్సి వచ్చింది. ట్రైస్‌మన్ దృష్టి క్రమంగా కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల కోర్సుల స్థానిక కాలేజీల) వైపు మళ్లింది: అక్కడ పిల్లలను వరసగా రెండు మూడు రెమెడియల్ ఆల్జీబ్రా కోర్సుల్లో కూర్చోబెట్టేవారు, అసలు కోర్సు చేరకముందే సగంలో జారిపోయేవారు. ఆ గొలుసు తెంచి, అవసరమైనవాళ్లకు స్టాటిస్టిక్స్ దారి వేయడం మీద పనిచేశాడు.

ఇక మన సంగతి.

సీట్ల దగ్గర మనం కొంత చేశాం. కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో, గ్రేడ్ పాయింట్లు ఉన్న రోజుల్లో, రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు పదో తరగతి పాయింట్లకు 0.4 కలిపి ర్యాంకు వేసేవారు. మంచి ఏర్పాటే. కానీ సీటు ఇవ్వడం ఒక పని, సీట్లో నిలబెట్టడం వేరే పని. రెండోదానికి డిగ్రీ కాలేజీల్లో జరిగేదేమిటంటే, కాలేజీలకు గ్రేడ్ వేసే న్యాక్ అడుగుతుందని స్లో లెర్నర్స్ రిజిస్టరు రాయడం. మొదటి ఇంటర్నల్‌లో తక్కువొచ్చినవాళ్ల పేర్లు అందులో ఎక్కుతాయి, సాయంత్రం నాలుగున్నరకు రెమెడియల్ క్లాసు అంటారు, పొద్దున చెప్పిన పాఠమే నెమ్మదిగా మళ్లీ చెప్తారు. ట్రైస్‌మన్ వద్దన్నవన్నీ ఒకే క్లాసులో దొరుకుతాయి. పైగా నాలుగున్నరకు పెడితే తాడిపత్రి, గుత్తి, కళ్యాణదుర్గం వైపు పల్లెల నుంచి వచ్చిపోయే ఆడపిల్ల ఉండలేదు. ఆమె పల్లెవెలుగు బస్సు వెళ్లిపోతుంది. ఎవరి కోసమని పెట్టారో వాళ్లే రాలేని వేళ అది.

ఇంటర్ నుంచి డిగ్రీకి వచ్చేసరికి మారేదేమిటో కూడా చెప్పుకోవాలి. మొన్నటిదాకా ఇంటర్ లెక్కల పేపరు 75 మార్కులు: రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి అయిదు, ఏడు మార్కులవి అయిదు. ఏ పాఠం నుంచి ఏడు మార్కుల ప్రశ్న పడుతుందో పిల్లలకు కంఠతా వచ్చేది. అది తెలివితక్కువతనం కాదు, ఆ పరీక్షకు అదే సరైన తయారీ. రియల్ అనాలిసిస్, గ్రూప్ థియరీ అలా లొంగవు, నిరూపణ అడుగుతాయి. అదే సమయంలో మాధ్యమం కూడా మారుతుంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. పదో తరగతి దాకా తెలుగులోనో, కర్నూలు, కడపల్లో ఉర్దూలోనో చదివిన పిల్లకు రెండు గోడలు ఒకేసారి ఎదురవుతాయి.

వర్క్‌షాప్ ఇక్కడ పెట్టాలంటే ఎలా? ఇరవై నుంచి ఇరవై నాలుగు మంది చాలు, గుంపుకు నలుగురు. మధ్యాహ్న భోజనానికి ముందు రెండు పీరియడ్లు టైమ్‌టేబుల్లోనే పెట్టాలి. బస్సు పిల్లలు, హాస్టల్ పిల్లలు కలిసి ఉండగలిగే వేళ అదొక్కటే. పిలుపు మాత్రం అందరికీ ఉండాలి, మార్కులు ఎక్కువున్నవాళ్లతో సహా. తక్కువొచ్చినవాళ్లనే ఏరి పిలిస్తే మళ్లీ రిజిస్టరు వాసన వస్తుంది. నడిపించడానికి శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ చదివేవాళ్లు సరిపోతారు. వాళ్లకు ఎంతో కొంత గౌరవ వేతనం ఇవ్వాలి. ఊరికే రమ్మంటే రెండో నెలకు రారు, అది వాళ్ల తప్పు కాదు.

నలుగురున్న గుంపుకు లెక్కల కాగితాలు రెండే ఇవ్వండి. నాలుగిస్తే ఎవరి కాగితంలో వాళ్లు తల దూర్చుకుంటారు. మొదటి పది నిమిషాలు మాటల్లేకుండా ఎవరికి వారే. ఇది లేకపోతే చురుకైనవాడు మిగతా ముగ్గురి ఆలోచన మొదలుకాకముందే జవాబు చెప్పేస్తాడు. తర్వాత గంటంబావు చర్చ, తెలుగులోనే. చివరి అరగంట బోర్డు దగ్గర; గుంపు నుంచి ఎవరు రావాలన్నది అప్పటికప్పుడు చీటీ తీసి తేల్చాలి. ఎవరి పేరు వస్తుందో తెలియదు కాబట్టి, అర్థమైనవాళ్లు అర్థం కానివాళ్లకు చెప్పక తప్పదు. మాట్లాడింది తెలుగైనా రాసుకోవాల్సింది ఇంగ్లీషులో, ఇంటి దగ్గర, ఒక్క లెక్కకు ఒక్క పేజీ.

అసలు శ్రమంతా కాగితం తయారీలో ఉంది. బర్క్‌లీ కాగితాల్లో అయిదు రకాల లెక్కలుండేవి: పరీక్షల్లో తరచూ వచ్చి హోంవర్కులో రానివి, పునాదిలో ఎక్కడ లోటుందో బయటపెట్టేవి, ఒక సిద్ధాంతం ఎక్కడిదాకా పనిచేస్తుందో ఉదాహరణతోనో ప్రత్యుదాహరణతోనో చూపేవి, గణిత భాష మీద పట్టు పెంచేవి, పుస్తకంలో లేకపోయినా గట్టి విద్యార్థులకు తెలిసిన అడ్డదారి కిటుకులు. ఒక్క కాగితానికి ఆరు లెక్కలు చాలు. మొదటిది పదిహేను నిమిషాల్లో అందరికీ రావాలి, ఆఖరుది ఆ రోజుకు ఎవరికీ పూర్తి కాకూడదు.

అనంత శ్రేణుల పాఠానికి ఒక లెక్క చూద్దాం. 1 + 1/2 + 1/3 + 1/4 + ... ఇలా కలుపుకుంటూ పోతే మొత్తం ఒకచోట ఆగుతుందా? గుంపులో మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: పదాలు సున్నాకు పోతున్నాయి కాబట్టి ఆగుతుంది. ఎవరో ఫోన్ తీసి కలుపుతారు. పది పదాలకు 2.93, వందకు 5.19, వెయ్యికి 7.49. చూశారా, మెల్లబడింది, ఆగిపోతోంది అంటారు. ఇక్కడ నడిపించే మనిషి నోరు మూసుకోవడం కష్టం, కానీ మూసుకోవాలి. ఒక్క ప్రశ్న వేసి పక్క గుంపు దగ్గరికి పోవాలి: మూడో పదం, నాలుగో పదం కలిపితే అర కంటే ఎక్కువా, తక్కువా? 1/3, 1/4 రెండూ 1/4కు తగ్గవు కాబట్టి మొత్తం 1/2 దాటుతుంది. తర్వాత నాలుగు పదాలు, 1/5 నుంచి 1/8 దాకా, ఒక్కొక్కటీ 1/8కి తగ్గదు కాబట్టి మళ్లీ 1/2 దాటుతుంది. తర్వాత ఎనిమిది పదాలు, మళ్లీ 1/2. అంటే అరలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, మొత్తం ఎక్కడా ఆగదు. పది దాటడానికి మాత్రం 12,367 పదాలు కావాలి, ఫోన్ మోసం చేసింది అందుకే.

ఇది వచ్చేసిన గుంపుకు ఆఖరు లెక్క: హారంలో ఎక్కడైనా 9 అంకె ఉన్న పదాలన్నిటినీ తీసేయండి, అంటే 1/9, 1/19, 1/90 లాంటివి. ఇప్పుడు ఆగుతుందా? తీసేసింది కొన్నే కదా, ఆగదు అంటారు. ఆగుతుంది. 9 లేని ఒక అంకె సంఖ్యలు 8, రెండంకెలవి 72, మూడంకెలవి 648. ప్రతిసారీ తొమ్మిది రెట్లు. పదాల పరిమాణం మాత్రం ప్రతిసారీ పదో వంతుకు పడిపోతుంది. కాబట్టి మొత్తం 8 × (1 + 9/10 + 81/100 + ...)కు మించదు, అది 80. అసలు విలువ 23కు కాస్త తక్కువ. పెద్ద సంఖ్యల్లో 9 అంకె లేనివే అరుదని అర్థమైన క్షణం నుంచి ఆ పిల్లలు ఇంకో కాగితం అడుగుతారు.

చెడేది ఎక్కడో చెప్పకపోతే ఇది సగం మాటే. ముగ్గురు అబ్బాయిల గుంపులో ఒక్క అమ్మాయిని వేస్తే ఆమె రాతగత్తె అవుతుంది, వాళ్లు చెప్పింది ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెడుతుంది. ఇద్దరుంటే మాట్లాడతారు. గుంపులు వాళ్లనే చేసుకోమంటే హాస్టల్ ప్రకారమో కులం ప్రకారమో చేసుకుంటారు, కాబట్టి చీటీలు వేసి, నెలకోసారి మార్చాలి. లెక్కలు తేలికైతే కలిసి కూర్చోవాల్సిన పనే ఉండదు. నలుగురూ విడివిడిగా చేసుకుని జవాబులు సరిచూసుకుంటారు. కూర్చోబెడితే చాలనుకునే చోట్ల వర్క్‌షాప్ ఇలాగే చచ్చిపోతుంది. హాజరు సంగతి వేరు. వేరుశనక్కాయ పీకే రోజుల్లో అనంతపురం పల్లెల పిల్లలు రారు. ఆదోని, కోసిగి వైపు కుటుంబాలు సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయినప్పుడు ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవడానికి పెద్దపిల్ల ఆగిపోతుంది. రెండు వారాలు తప్పినవాళ్లు తిరిగొచ్చినా కలవగలిగేలా ఏ కాగితానికా కాగితం విడిగా ఉండాలి, ముందుదాని మీద ఆధారపడకూడదు. మధ్యలో మానేశావేమని నిలదీస్తే మాత్రం మూడో వారం కూడా రారు.

ఇక్కడి నుంచి పైకి వెళ్లే దారి కూడా మన దేశంలో ఉంది. 1993లో ఎస్. కుమరేశన్ మొదలుపెట్టిన ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిబిరం ట్రైస్‌మన్‌కు సంబంధం లేకుండానే దగ్గరి దారిలో నడిచింది: నాలుగు వారాలు, ఉపన్యాసం తక్కువ, ఎడతెగని ప్రశ్నలు, చిన్న ఊళ్ల కాలేజీల పిల్లలకు తలుపులు బార్లా. దానికి డబ్బు ఇచ్చి నిలబెట్టింది జాతీయ ఉన్నత గణిత మండలి. ఆ మండలికి చాలా ఏళ్లు అధ్యక్షుడుగా ఉన్న ఎం.ఎస్. రఘునాథన్ 1941లో పుట్టింది అనంతపురంలోనే, అమ్మమ్మగారింట్లో. ఈ సంగతి మన కాలేజీల నోటీసు బోర్డుల మీద కనిపించదు.

ఇలాంటి శిబిరాలకు అధ్యాపకుల సిఫారసు ఉత్తరం చాలా ముఖ్యం, మనవాళ్ల దరఖాస్తులు వీగిపోయేది ఎక్కువగా అక్కడే. "క్రమశిక్షణ గలది, కష్టపడుతుంది, నడవడి మంచిది" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. ఫలానా లెక్కలో మొదట ఎక్కడ తప్పు చేసింది, దాన్ని తనే ఎలా పట్టుకుంది, తర్వాత ఏ ప్రశ్న వేసింది అని నాలుగు వాక్యాలు రాయాలి. వర్క్‌షాప్ నడిపేవాళ్లు ఒక నోట్‌బుక్ పెట్టి ప్రతిసారీ ఇద్దరి గురించి మూడేసి లైన్లు రాసుకుంటే ఏడాది చివర ఉత్తరానికి సరుకు సిద్ధంగా ఉంటుంది.

ఎమ్మెస్సీకి ఐఐటీల్లో చేరాలనుకునేవాళ్లకు జామ్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 30 ఒకే సరైన జవాబువి, 10 ఒకటికి మించి సరైన జవాబులుండేవి, 20 సంఖ్య రాయాల్సినవి. మధ్య పదింటిలో సగం సరైనవి గుర్తించినా మార్కు రాదు, మొత్తం పట్టుకోవాలి; మన పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది వాటిలోనే. నిజమో కాదో నలుగురిలో తేల్చుకునే అలవాటు పనికొచ్చేదీ వాటికే. ఆగస్టులోనే పాత జామ్ పేపరు నుంచి ఆ పది ప్రశ్నలు తీసి ఒక వర్క్‌షాప్ కాగితంగా ఇస్తే, దరఖాస్తు గడువు వచ్చేసరికి ఎవరెవరు రాయాలనుకుంటున్నారో వాళ్లే వచ్చి చెప్తారు. ఫీజు కట్టే రోజుకు కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఉన్నాయో లేవో అంతకు నెల ముందే చూసుకోవాలి.